ఒక్క వాక్యంలో పరమార్థం: కవిత్వం, సూక్తులు ఆధ్యాత్మికంగా ఎలా పలుకుతాయి?

‘జరిగినదంతా మంచికే జరిగింది, జరుగుతున్నదీ మంచికే జరుగుతోంది’ అని సాగే వాక్యాలు గీతాసారం అన్న పేరుతో గోడపటాల మీదా, క్యాలెండర్ల మీదా, ఇప్పుడు ఫోన్లలో తిరిగే బొమ్మల మీదా కనిపిస్తూనే ఉన్నాయి. 700 శ్లోకాల భగవద్గీతలో ఈ మాటలకు మూలమని వేలు పెట్టి చూపగలిగిన శ్లోకం లేదు. శోకించవద్దని కృష్ణుడు అర్జునుడికి చెప్పిన మాట నిజమే. కానీ అందుకు రెండో అధ్యాయంలో ఆయన చూపిన కారణం ఆత్మకు పుట్టుకా చావూ లేవన్నది. జరిగేదంతా మంచిదే కాబట్టి దుఃఖించవద్దనడం పూర్తిగా మరో సిద్ధాంతం. మొదటిది ఆత్మ స్వభావం గురించిన వాదం, రెండోది లోకం నడిచే తీరు గురించిన నమ్మకం. ఒకదాన్ని ఒప్పుకున్నవారు రెండోదాన్ని ఒప్పుకోవలసిన అవసరం లేదు.

అయినా ఆ వాక్యాలను చదివి కష్టకాలంలో నిలదొక్కుకున్నవారు ఉన్నారు, వారి ఊరట అబద్ధం కాదు. ఇలాంటి వాక్యం మీద వాదన రేగినప్పుడల్లా మూడు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి: ఆ మాట ఎక్కడిది, అది చదివినవారిలో ఏం చేసింది, అది చెబుతున్నది నిజమేనా. ఒకరు మొదటి ప్రశ్న వేస్తే మరొకరు రెండోదానికి జవాబు చెబుతారు. ‘ఇది గీతలో లేదు’ అన్నవారికి ‘కానీ నాకు ధైర్యమిచ్చింది’ అన్నది సమాధానమూ కాదు, ఖండనా కాదు. ఈ మూడింటినీ విడివిడిగా పట్టుకుంటే తప్ప కవిత్వంలోనూ సూక్తుల్లోనూ ఆధ్యాత్మిక అర్థం ఎలా పుడుతుందన్నది తేలదు.

## ‘ఆధ్యాత్మిక అర్థం’ అన్నప్పుడు దేన్ని అంటున్నాం

కొన్ని వాక్యాలు ఒక సిద్ధాంతాన్ని ప్రకటిస్తాయి. ఛాందోగ్యోపనిషత్తులోని ‘తత్త్వమసి’ అలాంటిది. అది జీవుడికీ పరమసత్యానికీ ఉన్న సంబంధాన్ని గురించిన మాట గనుక దాన్ని ఒప్పుకోవచ్చు, ప్రశ్నించవచ్చు, అద్వైతులూ ద్వైతులూ చేసినట్టు పరస్పర విరుద్ధంగా వ్యాఖ్యానించవచ్చు. మరికొన్ని వాక్యాలు ఏ సిద్ధాంతాన్నీ చెప్పకుండానే ఒక స్థితిని చదివేవారి అనుభవంలోకి తెస్తాయి. కవిత్వంలో ఎక్కువ భాగం ఈ కోవలోకి వస్తుంది. ఇంకొన్ని వాక్యాలున్నాయి, వాటి పని చెప్పడమూ కాదు, అనుభవింపజేయడమూ కాదు, సాధన చేయించడం. ప్రార్థనలు, నామజపాలు, జెన్ గురువులు శిష్యులకిచ్చే కోఆన్‌లు ఇలాంటివి. 18వ శతాబ్దంలో జపాన్ గురువు హకుయిన్ వేసిన ‘ఒంటి చేతి చప్పుడేది?’ అన్న ప్రశ్నకు నిఘంటువులో అర్థం వెతికి లాభం లేదు. శిష్యుడు దానితో కాలం గడపాలి, తనకు తోచిన జవాబును గురువు ఎదుట పరీక్షకు పెట్టాలి. అదే ప్రశ్నను ఒక చమత్కార వాక్యంగా అందమైన బొమ్మ మీద అచ్చు వేస్తే గురువూ ఉండడు, పరీక్షా ఉండదు.

ఈ మూడు రకాలూ ఒకే సంకలనంలో, ఒకే అక్షరాలతో పక్కపక్కన అచ్చవుతాయి కాబట్టి వాటి మధ్య తేడా కంటికి ఆనదు. ప్రార్థనను సిద్ధాంతంగా, కవి చెప్పిన ఒకానొక క్షణాన్ని శాశ్వత సత్యంగా చదివే అలవాటు అక్కడే మొదలవుతుంది.

చదివేవారి వైపునుంచి ఈ విషయాన్ని జాగ్రత్తగా గమనించినవారిలో అమెరికన్ తత్త్వవేత్త విలియం జేమ్స్ ఒకరు. 1902లో వెలువడిన ‘ద వెరైటీస్ ఆఫ్ రిలిజియస్ ఎక్స్‌పీరియన్స్’ అన్న గ్రంథంలో ఆయన మార్మికానుభవాల మెట్లను వివరిస్తూ, అన్నింటికన్నా కింది మెట్టుగా ఒక సూక్తి తాలూకు అర్థం హఠాత్తుగా లోతెక్కడాన్ని పేర్కొన్నారు. జీవితమంతా వింటూ వచ్చిన మాటే, కానీ దాని పూర్తి అర్థం ఇప్పుడే తెలిసిందని మనం అనుకునే క్షణం అది. అందుకు ఆయన ఇచ్చిన ఉదాహరణ జర్మన్ మతసంస్కర్త మార్టిన్ లూథర్‌ది: తోటి సన్యాసి ఒకరు క్రైస్తవ విశ్వాస ప్రమాణంలోని ‘పాపక్షమాపణను నమ్ముచున్నాను’ అన్న మాటలు పలికినప్పుడు లూథర్‌కు లేఖనమంతా కొత్త వెలుగులో కనిపించిందట. ఆ మాటలు ఆయనకు కొత్తవి కావు. మాట మారలేదు, వినేవాడు మారాడు. అలాగని ఆ క్షణాన మరే మాట పలికినా అదే జరిగేదని చెప్పడానికి వీల్లేదు. ఏళ్ల తరబడి పాపభీతితో నలిగిన మనిషికి అందవలసిన మాటే అందింది. అర్థం వాక్యంలో ఉందా, పాఠకుడిలో ఉందా అన్న పాత తగాదాకు రెండు వైపులా బలం ఇక్కడి నుంచే వస్తుంది.

## చెప్పని మాట వినిపించే విధానం

మన అలంకారశాస్త్రం ఈ తగాదాను చాలా ముందే ఎదుర్కొంది. 9వ శతాబ్దపు కాశ్మీర పండితుడు ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’లో ప్రతిపాదించిన ధ్వని సిద్ధాంతాన్ని వివరించడానికి పండితులు తరతరాలుగా వాడుతున్న ఉదాహరణ ‘గంగలో పల్లె’. ప్రవాహంలో పల్లె ఉండదు కాబట్టి వాచ్యార్థం పొసగదు. గంగ ఒడ్డున పల్లె అన్న లక్ష్యార్థం తీసుకుంటాం. కానీ ‘ఒడ్డున’ అని నేరుగా అనకుండా ‘గంగలో’ అనడం వల్ల ఆ పల్లెకు చల్లదనమూ పవిత్రతా అంటుకున్నాయి. ఏ పదమూ వాటిని చెప్పలేదు, అయినా అవి వినిపించాయి. ఈ మూడోదాన్నే వ్యంగ్యార్థం అన్నారు. వెక్కిరింతకు వాడే వ్యంగ్యం కాదిది, సూచన.

ఆధ్యాత్మిక కవిత్వం ఎక్కువగా ఈ మూడో అంతస్తులోనే పని చేస్తుంది. మాటలకు అందనిదని అన్ని సంప్రదాయాలూ చెప్పే విషయాన్ని మాటల్లో పెట్టాలంటే సూచన తప్ప దారి లేదు. అయితే సూచన అంటే ఎవరికి తోచింది వారు అనుకోవడం కాదని ధ్వనివాదులు గట్టిగా చెప్పారు. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నవి మారితే వ్యంగ్యార్థమూ మారుతుందన్నది ఆ శాస్త్రంలో మూలసూత్రం. గ్రహించేవాడు సహృదయుడై ఉండాలన్నది రెండో షరతు. అంటే అర్థం వాక్యంలో నిద్రాణంగా ఉంటుంది, సందర్భం దాన్ని ఒక వైపు తిప్పుతుంది, చదివేవాడు దాన్ని మేల్కొలుపుతాడు. మూడింటిలో ఏది లేకపోయినా అది పలకదు.

ఆనందవర్ధనుడే చేసిన మరో పని ఇక్కడ ఎంతో విలువైనది, సూక్తి సంకలనాలు చేసేవారు అంతగా పట్టించుకోనిది. మహాభారతం మొత్తానికీ ప్రధాన రసం శాంతమనీ, దాని పరమ తాత్పర్యం మోక్షమనీ ఆయన వాదించారు. యుద్ధాలతో, పగలతో నిండిన గ్రంథానికి శాంతరసమేమిటి? ఆయన చూపిన ఆధారం ఒక శ్లోకం కాదు, కథ ముగింపు. యాదవులు నశించారు, గెలిచిన పాండవులూ అన్నీ విడిచి నడిచిపోయారు. ఆ ముగింపు మిగిల్చే విరక్తి గ్రంథమంతటి మీదా వెనక్కి వెలుగు ప్రసరిస్తుంది. ఆధ్యాత్మిక అర్థం కొన్నిసార్లు ఏ వాక్యంలోనూ ఉండదు, మొత్తంలో మాత్రమే ఉంటుందన్నమాట. అలాంటి అర్థాన్ని ఏ సూక్తీ మోసుకురాలేదు.

## ఒక కంద పద్యం ఎన్ని విధాలుగా పలుకుతుంది

పోతన భాగవతం అష్టమ స్కంధంలో, మొసలి నోట చిక్కిన గజేంద్రుడు అనుకునే మాటలు ఇవి:

కలడందురు దీనుల యెడ
గలడందురు పరమయోగి గణముల పాలం
గలడందు రన్ని దిశలను
గలడు కలండనెడివాడు గలడో లేడో

చివరి పాదాన్ని ఒక్కదాన్నే తీసి చూపిస్తే అది సంశయవాది వాక్యం. దేవుడు ఉన్నాడో లేడో తేలదన్న అభిప్రాయానికి 15వ శతాబ్దపు సాక్ష్యంగా దాన్ని చూపించవచ్చు, చూపించేవారూ ఉన్నారు. మరోవైపు, పద్యాన్ని మొత్తంగా భక్తి సంకలనంలో చేర్చి ‘భగవంతుడు అంతటా ఉన్నాడు’ అన్న శీర్షిక పెడితే అది ఆస్తిక ప్రకటన అయిపోతుంది, మొదటి మూడు పాదాలూ అందుకు సాక్ష్యం పలుకుతాయి. రెండు పఠనాలూ పద్యంలో ఉన్న అక్షరాల మీదే నిలబడ్డాయి, రెండూ పద్యాన్ని పట్టుకోలేదు.

పద్యం నడిచే తీరు చూడండి. మొదటి మూడు పాదాల్లో వచ్చేది ‘కలడు’ కాదు, ‘కలడందురు’: ఉన్నాడని అంటారు. అవి గజేంద్రుడి అనుభవాలు కావు, విన్న మాటలు. దీనుల దగ్గర ఉంటాడట, యోగుల దగ్గర ఉంటాడట, దిక్కులన్నిటా ఉంటాడట. విన్న మాటల బరువంతా మూడు పాదాల్లో పేరుకున్నాక నాలుగో పాదంలో ఆ ‘అందురు’ ఊడిపోతుంది. ఉన్నాడు ఉన్నాడని చెప్పబడేవాడు అసలు ఉన్నాడో లేడో! కందపద్యపు కొలతలో పాదం చిన్నది, ఆలోచనకు చోటు తక్కువ. నాలుగుసార్లు తిరిగి వచ్చిన అదే మాట నాలుగోసారి ప్రశ్నగా విరిగిపోవడమే ఇక్కడి శిల్పం. నేను చూసినంతలో తెలుగులో సందేహం ఇంత తక్కువ మాటల్లో ఇంత నిండుగా పలికిన చోటు మరొకటి లేదు.

ఇప్పుడు ముందూ వెనకా చూస్తే, ఈ పద్యానికి ముందే గజేంద్రుడు ‘ఎవ్వనిచే జనించు జగము’ అంటూ సృష్టి స్థితి లయలకు కారణమైనవాడిని శరణు కోరాడు. అంటే సందేహం ప్రార్థనకు ముందు రాలేదు, ప్రార్థన మధ్యలో వచ్చింది. దీని తరువాతి పద్యం ‘కలుగడే నాపాలి కలిమి సందేహింప, కలిమిలేములు లేక కలుగువాడు’ అని మొదలవుతుంది. ఉండటం లేకపోవడం అన్న రెండింటికీ లోబడకుండా ఉండేవాడి విషయంలో ‘ఉన్నాడో లేడో’ అన్న ప్రశ్నే సరిపోదేమో అన్న మలుపు అక్కడుంది. ప్రశ్నకు జవాబు దొరకలేదు, ప్రశ్న ఆకారం మారింది. ఆ తరువాతే ‘లావొక్కింతయు లేదు’ అని తన శక్తి అయిపోయిందని ఒప్పుకుంటాడు.

కాబట్టి ఆ కందపద్యానికి ఆధ్యాత్మిక అర్థం చెప్పమంటే, నాకు తోచిన మేరకు, అది దేవుడున్నాడని గానీ లేడని గానీ కాదు. విన్న నమ్మకం అక్కరకు రాని వేళ, సొంత నమ్మకం ఇంకా పుట్టని వేళ, రెంటి నడుమ మనిషి ఉండే స్థితి. ఈ అర్థాన్ని భక్తుడు ఒప్పుకోవచ్చు, నాస్తికుడూ తన అనుభవంతో సరిచూసుకోవచ్చు. కానీ అది పద్యం నుంచి ఊహించి తీసినది కాదు, పద్యం ఎక్కడ నిలబడి ఉందో చూడటం వల్ల బయటపడినది.

## విడదీసిన వాక్యానికి ఏం జరుగుతుంది

సందర్భం తెలియకపోవడం వల్ల అర్థం తలకిందులైన ఉదాహరణ కావాలంటే బైబిల్‌లోని యోబు గ్రంథం కంటే మంచిది దొరకదు. ‘నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు’ అన్న వాక్యం ఆశీర్వాద వచనంగా ఫలకాల మీద కనిపిస్తుంది. అది 8వ అధ్యాయంలో బిల్దదు అనే స్నేహితుడు యోబుతో అన్న మాట. ఏ సందర్భంలో అన్నాడు? యోబు పిల్లలు చనిపోయిన తరువాత, వారు పాపం చేసి ఉంటే దేవుడు తగిన శిక్షే వేశాడనీ, నువ్వు యథార్థవంతుడివైతే మళ్లీ బాగుపడతావనీ ఓదారుస్తూ. గ్రంథం చివర 42వ అధ్యాయంలో దేవుడు ఈ స్నేహితుల మీద కోపగించి, నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గూర్చి యుక్తమైనది పలకలేదని అంటాడు. గ్రంథమే తప్పుపట్టిన ఓదార్పును గ్రంథం ఇచ్చిన వాగ్దానంగా మనం చదువుతున్నాం.

దీనికి ప్రతివాదం లేకపోలేదు. యోబు చివరికి నిజంగానే మొదటికన్నా రెండింతలు పొందాడు కాబట్టి బిల్దదు మాట అనుకోకుండా ఫలించిందనీ, తప్పుగా మాట్లాడినవారి నోటినుంచి కూడా సత్యం రావచ్చనీ కొందరు వ్యాఖ్యానిస్తారు. ఈ వ్యాఖ్యానానికి బలం ఉంది. కానీ ఆ బలం కూడా గ్రంథాన్ని చివరిదాకా చదివినవారికే దక్కుతుంది.

జలాలుద్దీన్ రూమీ విషయంలో జరిగింది ఇంకాస్త చిక్కు. 1207–1273 మధ్య జీవించిన ఈ పారశీక కవి ఇస్లామిక ధర్మశాస్త్ర పండితుడు, సూఫీ. ఆయన ‘మస్నవి’ ఆరు సంపుటాల మహాకావ్యం. ప్రపంచమంతటా ఆయన పేరుతో తిరిగే సూక్తుల్లో ఎక్కువ భాగం అమెరికన్ కవి కోల్‌మన్ బార్క్స్ కూర్చిన రూపాల నుంచి వచ్చినవి. బార్క్స్‌కు పారశీకం రాదు, ఆ సంగతి ఆయనే చెప్పుకున్నారు; పాత ఆంగ్లానువాదాలను ఆయన స్వేచ్ఛగా వచన కవితలుగా మలిచారు. తప్పొప్పులకు ఆవల ఒక మైదానం ఉంది, అక్కడ నిన్ను కలుస్తాను అన్న భావంతో ప్రసిద్ధమైన పంక్తులు రూమీ పేరిట ఉన్న ఒక రుబాయీ (నాలుగు పాదాల పద్యం) నుంచి పుట్టాయి. మూలంలో ఆవలి మైదానం తప్పొప్పులకు కాదు, ‘కుఫ్ర్’కూ (అవిశ్వాసానికీ) ‘ఇస్లాం’కూ ఆవల ఉంది. జ్ఞాని అక్కడికి చేరి తల వాలుస్తాడు. అక్కడ కుఫ్ర్ లేదు, ఇస్లాం లేదు, చివరికి ‘అక్కడ’ అన్న చోటు కూడా లేదు.

రెండూ మతభేదాలకు అతీతమైన మాటల్లాగే కనిపిస్తాయి గానీ చెబుతున్నవి వేరు. ప్రసిద్ధ రూపంలో ఇద్దరు మనుషులు వాదాలు మాని కలుసుకుంటారు. మూలంలో కలుసుకోవడానికి ఇద్దరు మిగలరు, నిలవడానికి చోటూ మిగలదు. ఇస్లాంను గాఢంగా నమ్మిన మనిషి ఆ మాటను కూడా దాటడం అందులోని సాహసం. ముందు నమ్మకం ఉంటేనే దాటడానికి అర్థముంటుంది. బార్క్స్ రూపాలు రూమీ నుంచి ఇస్లాంను తుడిచేశాయని విమర్శకులు అంటారు. అవి లేకపోతే లక్షలాది మందికి రూమీ పేరే తెలిసేది కాదనీ, కవితలు నోటినుంచి నోటికి మారుతూ బతకడం కొత్తేమీ కాదనీ సమర్థకులు అంటారు. ఇద్దరి మాటా సరైనదే, ఎందుకంటే వారు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు.

## అందరు జ్ఞానులూ చెప్పింది ఒకటేనా

సూక్తి సంకలనాలను నడిపించే ఒక నమ్మకం ఉంది: ఉపనిషత్తులు, సూఫీలు, క్రైస్తవ మార్మికులు, బౌద్ధులు వేర్వేరు భాషల్లో ఒకే సత్యాన్ని చెప్పారన్నది. 1945లో ఆంగ్ల రచయిత ఆల్డస్ హక్స్‌లీ ప్రచురించిన ‘ద పెరెనియల్ ఫిలాసఫీ’ ఈ వాదానికి ప్రసిద్ధ గ్రంథం. అది స్వయంగా ఒక సూక్తి సంకలనం కావడం కాకతాళీయం కాదు. సందర్భాల నుంచి విడదీసి పక్కపక్కన పేర్చినప్పుడు వాక్యాలు నిజంగానే ఒకేలా వినిపిస్తాయి.

1978లో మతతత్త్వ పండితుడు స్టీవెన్ కాట్జ్ ఈ వాదాన్ని గట్టిగా ఎదుర్కొన్నారు. భాషా సంప్రదాయాల మధ్యవర్తిత్వం లేని శుద్ధానుభవం అంటూ ఉండదనీ, యూదు మార్మికుడు తన సంప్రదాయం సిద్ధం చేసిన అనుభవాన్నే, బౌద్ధుడు తన సంప్రదాయం సిద్ధం చేసినదాన్నే పొందుతారనీ ఆయన వాదన. భాష తరువాత వచ్చి అనుభవానికి వేసిన దుస్తులు కాదు, అనుభవం తయారైనదే దానితో. ఈ వాదనకూ ఎదురు లేకపోలేదు. ఏ విషయమూ లేని మెలకువ లాంటి స్థితులను భిన్న సంప్రదాయాలు వర్ణించాయనీ, అక్కడ సంప్రదాయం ప్రభావం చూపడానికి విషయమే లేదనీ రాబర్ట్ ఫోర్మన్ తదితరులు 1990 నుంచి వాదించారు.

ఈ చర్చ ముగియలేదు, బహుశా సూక్తుల ఆధారంగా ముగిసేది కూడా కాదు. పోలికను వెతికేవారికి విడదీసిన వాక్యం ఎప్పుడూ పోలికనే చూపిస్తుంది, తేడాలు ఆ వాక్యం చుట్టూ వదిలేసిన భాగంలో ఉండిపోతాయి కాబట్టి.

## పేరు తప్పుగా అంటుకున్నప్పుడు

అమెరికాకు చెందిన న్యాయవాది, కవి మాక్స్ ఎర్మన్ 1927లో ‘డెసిడెరాటా’ అన్న వచన కవిత రాశారు. హడావుడి నడుమ ప్రశాంతంగా సాగమని చెప్పే ఈ రచనను 1960 ప్రాంతంలో బాల్టిమోర్‌లోని ఓల్డ్ సెయింట్ పాల్స్ చర్చి మతాధికారి భక్తుల కోసం చేసిన కూర్పులో చేర్చారు. ఆ కాగితం మీద చర్చి పేరూ, అది స్థాపితమైన 1692వ సంవత్సరమూ ఉన్నాయి. చేతులు మారే కొద్దీ ఆ సంవత్సరం రచనాకాలంగా మారిపోయింది, 1692లో చర్చిలో దొరికిన అజ్ఞాత రచన అన్న కథ పుట్టింది. ప్రాచీనత అంటుకోగానే సలహాలు ఉపదేశాలయ్యాయి.

అసిసీ ఫ్రాన్సిస్ ప్రార్థనగా లోకమంతా ఎరిగిన ‘నన్ను నీ శాంతికి సాధనంగా చేయి’ అన్న రచన 1226లో మరణించిన ఆ సాధువు రచనల్లో లేదు. అది 1912లో పారిస్‌లో వెలువడిన ‘లా క్లోషెట్’ అనే చిన్న ఫ్రెంచి పత్రికలో రచయిత పేరు లేకుండా మొదటిసారి అచ్చయింది.

అయితే అన్ని సందర్భాల్లోనూ దీన్ని తప్పుగా అంటగట్టడమని తేల్చేయలేం. వేమన పద్యాల మకుటం ఎవరి పద్యం చివరనైనా చక్కగా ఇమిడిపోతుంది; 1829లో సి.పి. బ్రౌన్ వాటిని సేకరించి ఆంగ్లానువాదంతో అచ్చు వేయించేనాటికే అవి తాళపత్రాల్లోనూ జనం నోళ్లలోనూ రకరకాలుగా ఉన్నాయి. కబీరు పరిస్థితీ అంతే. 1604లో కూర్చిన సిక్కుల ఆది గ్రంథంలోని కబీరు, కబీరు అనుచరులైన కబీర్‌పంథీల గ్రంథం ‘బీజక్’లోని కబీరు ఒకే గొంతుతో మాట్లాడరు, 1915లో రవీంద్రుడు ఆంగ్లంలోకి తెచ్చిన నూరు కబీరు గీతాల్లో అత్యధికం పాత ప్రతుల్లో కనిపించవని పరిశోధకులు చూపించారు. మౌఖిక సంప్రదాయంలో కవి పేరు యాజమాన్య హక్కు కాదు, ఫలానా దృష్టితో మాట్లాడుతున్నామన్న ముద్ర అని ఒక వాదం. ఆ వాదం వేమనకూ కబీరుకూ సరిపోతుంది, ఎందుకంటే అక్కడ పేరు చేర్చడం సంప్రదాయంలో భాగం. ‘డెసిడెరాటా’కు సరిపోదు, అక్కడ జరిగింది ఒక కాగితాన్ని తప్పు చదవడం మాత్రమే.

## లోతుగా అనిపించడానికీ లోతు ఉండటానికీ ఉన్న దూరం

మనస్తత్వ శాస్త్రం ఈ విషయంలో కొన్ని ఇబ్బందికరమైన ఫలితాలను ముందు పెట్టింది. 1948లో మనస్తత్వవేత్త బెర్ట్రమ్ ఫోరర్ తన విద్యార్థులకు విడివిడిగా వ్యక్తిత్వ వర్ణనలు ఇస్తున్నట్టు చెప్పి, అందరికీ ఒకే వర్ణన ఇచ్చారు. అది తమకు ఎంత బాగా సరిపోయిందో 5కు మార్కులు వేయమంటే సగటు 4కు పైగా వచ్చింది. అందరికీ వర్తించే వాక్యం ‘నా కోసమే రాసినట్టుంది’ అనిపించడం ఎంత సులభమో అది చూపించింది. 2000లో మెక్‌గ్లోన్, తోఫిగ్‌బక్ష్ చేసిన పరిశోధనలో, ప్రాస ఉన్న సామెతలను ప్రాస లేకుండా తిరగరాసిన అదే భావపు వాక్యాల కన్నా ఎక్కువ నిజమైనవిగా పాఠకులు భావించారు. అందాన్ని, భావాన్ని విడిగా చూడమని ముందే చెప్పినప్పుడు ఆ తేడా తగ్గింది. 2015లో గోర్డన్ పెనీకుక్ బృందం ఆధ్యాత్మికంగా ధ్వనించే పదాలను కంప్యూటర్‌తో యాదృచ్ఛికంగా గుదిగుచ్చి వాక్యాలు తయారు చేస్తే, వాటిలోనూ ఎంతోకొంత గంభీరత ఉందని చాలామంది అన్నారు.

వీటిని చూపించి ఆధ్యాత్మిక సూక్తులన్నీ మాటల గారడీ అని కొట్టిపారేసేవారు ఉన్నారు. పరిశోధనలు అంత దూరం వెళ్లలేదు. లోతుగా ఉందన్న అనుభూతి లోతుకు రుజువు కాదని మాత్రమే అవి తేల్చాయి. లోతైన వాక్యం ఉండదని తేల్చలేదు. ప్రాస నమ్మకాన్ని పెంచుతుందన్నంత మాత్రాన ప్రాస ఉన్నదంతా అబద్ధం కాదు కదా. ఇంకా చెప్పాలంటే, మొదటి అనుభూతిని నమ్మవద్దన్న జాగ్రత్త ఆధునికుల సొంతమేమీ కాదు.

## మొదటి అనుభూతి తరువాత ఏముంది

బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు మైత్రేయితో ఆత్మను వినాలి, మననం చేయాలి, నిదిధ్యాసన (ఎడతెగని ధ్యానం) చేయాలి అంటాడు. వేదాంతులు ఈ వరసను వివరిస్తూ మననానికి ఇచ్చిన అర్థం గమనించదగ్గది: అది పరవశించి తలచుకోవడం కాదు, విన్నదాని మీద వచ్చే ఆక్షేపణలను యుక్తితో ఒక్కొక్కటిగా తీర్చుకోవడం. అంత గొప్ప ‘తత్త్వమసి’ని కూడా ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకు ఒక్కసారి చెప్పి ఊరుకోలేదు, మర్రిగింజ, నీటిలో కరిగిన ఉప్పు లాంటి దృష్టాంతాలు మారుస్తూ తొమ్మిదిసార్లు చెప్పాడు, చివరిసారి తప్ప ప్రతిసారీ కొడుకు ‘ఇంకా వివరించండి’ అంటూనే ఉన్నాడు.

12వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన, కార్తూసియన్ అనే క్రైస్తవ సన్యాసి సంఘపు రెండవ గిగో, లేఖనాన్ని చదివే పద్ధతికి నాలుగు మెట్లు చెప్పారు: పఠనం, మననం, ప్రార్థన, ధ్యానం. పఠనం ముద్దను నోట పెడుతుంది, మననం దాన్ని నములుతుంది, ప్రార్థన రుచిని రాబడుతుంది, ధ్యానం ఆ మాధుర్యమే అన్నది ఆయన పోలిక. రెండు పద్ధతులూ ఒకేలా కనిపిస్తాయి గానీ గిగో మూడో మెట్టులో పాఠకుడు దేవుడితో మాట్లాడటం మొదలుపెడతాడు, అద్వైత మార్గంలో ఆ మెట్టు లేదు. వాక్యాన్ని ఏం చేయాలన్న దానిపైనే అంత తేడా ఉంటే, దాని నుంచి వచ్చే అర్థం ఒకటే అని ముందుగా తీర్మానించడం కష్టం.

కవిత్వం ఇచ్చే ఆనందమూ ఆధ్యాత్మికానుభవమూ ఒకటేనా అన్న ప్రశ్న కూడా ఇక్కడే తగులుతుంది. 14వ శతాబ్దపు ఆలంకారికుడు విశ్వనాథుడు రసాస్వాదాన్ని ‘బ్రహ్మాస్వాద సహోదరం’ అన్నాడు. తోబుట్టువే, అదే కాదు. పద్యం చదువుతున్నంతసేపూ ‘నేను, నాది’ అన్న బిగింపు సడలుతుంది, అందుకే అది సహోదరం. పద్యం ముగిశాక మనిషి తన రాగద్వేషాల్లోకి తిరిగి వస్తాడు, అందుకే అది వేరు. ఈ రెంటినీ ఒకటిగా భావించే పాఠకుడు మంచి పద్యం చదివిన ప్రతిసారీ తనకు జ్ఞానోదయమైందనుకునే ప్రమాదం ఉంది. పూర్తిగా వేరనుకునేవాడికి పోతన భక్తి అందదు, ఛందస్సు మాత్రమే అందుతుంది.

విలియం జేమ్స్ ఇలాంటి అనుభవాలను తూచడానికి మూడు కొలతలు సూచించారు: ఆ క్షణంలో అది ఇచ్చే వెలుగు, మనకు తెలిసిన ఇతర విషయాలతో అది పొసగడం, నడతలో అది తెచ్చే మేలు. పుట్టుక ఎక్కడన్నది ఆయన కొలతల్లో లేదు, ఫలాన్ని బట్టే తేల్చాలన్నారు. ఈ కొలతలు అన్ని వాక్యాలకూ సమానంగా పని చేయవు. ఫ్రాన్సిస్ పేరిట తిరుగుతున్న ప్రార్థన ఓదార్పు పొందడం కన్నా ఓదార్చడాన్ని కోరుతుంది. దాన్ని రోజూ పలికే మనిషి నడతను చూసి ఆ ప్రార్థన పని చేసిందో లేదో తేల్చవచ్చు, అది 13వ శతాబ్దపు సాధువుదైనా, 1912 నాటి పేరులేని రచయితదైనా ఆ పరీక్ష మారదు. కుఫ్ర్‌నూ ఇస్లాంనూ దాటిన మైదానం గురించిన రుబాయీకి ఆ పరీక్ష చాలదు. ఎక్కడి నుంచి బయలుదేరాడో తెలియకపోతే ఆ జ్ఞాని దేన్ని దాటాడో తెలియదు, దేని ముందు తల వాలుస్తున్నాడో అసలే తెలియదు.